బొప్పిగాడి ఆరు తీగలు

మా సంస్థలో తీగ కనిపించకూడదని మాఘమాసంలో ఉత్తర్వు వచ్చింది.

మా సంస్థ అంటే నగర సౌందర్య సంస్థ. ఊరు అందంగా ఉందా లేదా అని చూడటం దాని పని. అందంగా లేకపోతే ఏం చెయ్యాలో కాగితం మీద రాస్తుంది. చెయ్యడం వేరేవాళ్ల పని. ఆ ఏడు పైనున్న పెద్దవాళ్లెవరో ఏదో దేశం వెళ్లొచ్చారట. అక్కడ వీధుల్లో ఒక్క తీగ కూడా వేలాడటం లేదట. రాగానే 'తీగరహిత సౌందర్య సంవత్సరం' అని ప్రకటించారు. వీధుల్లో స్తంభాలు మా సంస్థవి కావు, వాటి జోలికి పోవడానికి లేదు. అందుకని మా చేతిలో ఉన్నవాటితో మొదలుపెట్టమన్నారు. మా చేతిలో ఉన్నవి రెండే, ఒకటి ఆఫీసు, రెండోది ఎం.డి. శేషశయనం గారి బంగళా.

బంగళా హాల్లో చేపల తొట్టి ఉంది. దానికి ఆరు తీగలున్నాయి.

నేను ఆ తొట్టి దగ్గర మనిషిని. పేరు ముంగర పెద్దిరాజు. మాది కొల్లేటి లంక. ఐదో తరగతి దాకా బడి, ఆ తర్వాత చెరువులు. వయసులో ఉన్నప్పుడు చేపపిల్లని బిందెల్లో పోసుకుని రైల్లో దూరపు ఊళ్లకి తీసుకెళ్లేవాళ్లం. దారి పొడుగునా బిందెలో నీళ్లని అరచేత్తో కొడుతూనే ఉండాలి. చెయ్యి ఆగిందంటే పిల్ల తేలిపోద్ది. ఆ లెక్కన నాకు చేపలు తెలుసని ఎవరో చెబితే ఈ పనిలోకి తీసుకున్నారు. నాకిచ్చిన కాగితంలో ఒక వాక్యం ఉంది. "సదరు జలచరము జీవించియున్నంత వరకు మాత్రమే ఈ నియామకము చెల్లును." అంటే చేప పోతే నేనూ పోతాను. చెరువు గట్టు ఎక్కి దిగడానికి మోకాళ్లు ఒప్పుకోవడం మానేసి నాలుగేళ్లయింది. కనక ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు.

సదరు జలచరం ఒక్కటే. జానెడున్నర పొడుగు, కుంకుమలాంటి ఒళ్లు, నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. కొట్టువాడు దానికేదో ఇంగ్లీషు పేరు చెప్పి, ఇంట్లో ఉంటే కలిసొస్తుందని చెప్పి అంటగట్టాడు. అది వచ్చిన నెలకే అయ్యగారికి ఎం.డి. పదవి వచ్చింది. ఆ తర్వాత ఇంట్లో దానికున్న మర్యాద ఇంకెవరికీ లేదు. దాన్ని తెచ్చింది మాత్రం అమ్మగారు వైదేహమ్మ గారు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని తొట్టి ముందు కూర్చోవడం ఆవిడ అలవాటు. నేను దాన్ని బొప్పిగాడు అంటాను. గాజు మీద వేలు పెట్టి జరిపితే వేలు వెంట వస్తాడు.

ఆరు తీగల్లో ఒకటి నీళ్లు వడకట్టే మోటారుది, ఒకటి గాలి మోటారుది, రెండు లైట్లవి, ఒకటి నీళ్లు తిప్పే చిన్న ఫ్యానుది, ఒకటి నీళ్లు వెచ్చబెట్టే కడ్డీది. ఆ కడ్డీ ఎందుకో నాకు తెలియదు. మా ఊళ్లో ఎండాకాలం కుళాయి తిప్పితే నీళ్లే కాలుతూ వస్తాయి. తొట్టితో పాటు ఇచ్చారు కాబట్టి అదీ నడుస్తూ ఉండేది.

ఉత్తర్వు వచ్చిన మర్నాడు విద్యుత్ విభాగం డి.ఈ. మార్తాండరావు గారు వచ్చారు. ఆయన మాట్లాడినా ఉత్తరం చదివినట్టే ఉంటుంది. తొట్టి పక్కకి వంగి చూసి నా వైపు తిరిగారు.

"పెద్దిరాజూ, ఈ ఆరు తీగలు ఎందుచేత కనిపిస్తున్నాయి?"

"ఉన్నాయి కాబట్టండి."

"అది సమాధానం కాదు. అది ఒప్పుకోలు," అని రాసుకున్నారు.

వైరింగు పని చేసే జోజిబాబుని పిలిపించారు. కుర్రాడు పనిమంతుడు, కాస్త నోరు ఎక్కువ. పొద్దున వచ్చి మధ్యాహ్నానికల్లా ఆరు తీగల్నీ స్టాండు వెనక కాలికి బెల్టులు వేసి కట్టేశాడు. ప్లగ్గుల పెట్టెని తడి తగలకుండా గోడకి ఎత్తున బిగించాడు. ప్రతి తీగా ప్లగ్గులోకి వెళ్లేముందు కిందికి ఓ వంపు తిరిగి పైకి వెళ్లేలా వదిలాడు.

"ఆ వేలాడటం ఎందుకు?" అన్నారు డి.ఈ. గారు.

"నీటి బొట్టు తీగని పట్టుకుని జారుతుందండి. వంపు ఉంటే అక్కడ ఆగి నేల మీద పడుద్ది. వంపు లేకపోతే తిన్నగా ప్లగ్గులోకి దిగుద్ది."

"దిగితే?"

"ఢాం అంటదండి."

పని శుభ్రంగా ఉంది. గుమ్మంలోంచి చూస్తే ఏమీ కనిపించలేదు. కానీ సోఫాలో ఎడమ చివర కూర్చుని మెడ కాస్త చాపితే ఆ వంపు రెండంగుళాలు కనిపిస్తోందని నివేదిక వెళ్లింది. దాని మీద కమిటీ పడింది.

కమిటీ మూడుసార్లు కూర్చుంది. ముందుగా కనిపించడం అంటే ఏమిటో తేల్చాలన్నారు. ఎవరికి కనిపించడం, ఎంత ఎత్తునించి, ఎంత దూరం నించి. శేషశయనం గారు నిలబడితే కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో టేపు పెట్టి కొలిచారు. కూర్చుంటే ఎంతో కొలిచారు. ఆయన పొద్దున్నే హాల్లో చాప వేసుకుని శవాసనం వేస్తారని నేనే చెప్పాను. అడిగారు కాబట్టి చెప్పాను. దాంతో పడుకున్నప్పటి కన్ను కూడా లెక్కలోకి వచ్చింది. మార్తాండరావు గారు కళ్లజోడు సర్దుకుని నేల మీద వెల్లకిలా పడుకున్నారు. అప్పుడే అమ్మగారు లోపల్నించి వచ్చారు.

"అయ్యో, ఏమైందండీ, కళ్లు తిరిగాయా? పెద్దిరాజూ, నీళ్లు తే."

"లేదు మేడమ్. దృశ్య పరిశీలన. ఇక్కణ్ణించి స్పష్టంగా కనిపిస్తోంది," అన్నారాయన పడుకునే.

తొట్టి చుట్టూ టేకు బీరువా కట్టించాలని తీర్మానం అయింది. కట్టించారు. అడుగున, వెనక, పక్కల మొత్తం చెక్క, ముందు మాత్రం గాజు కనిపించేలా వదిలారు. మోటార్లూ ప్లగ్గులూ అన్నీ లోపలికి వెళ్లాయి. వంపు కూడా పోయింది, అది పట్టే చోటు లేదన్నారు. వేడి పోవడానికి జోజిబాబు నాలుగు కన్నాలు పెడితే, కన్నాల్లోంచి తీగ కనిపించే అవకాశం కలదని వాటికి బిరడాలు కొట్టించారు. బీరువాకి తాళం వేశారు. తాళంచెవి మీద 'విద్యుత్ సామగ్రి' అని బిళ్ల ఉంటే, ఆ బిళ్ల చూసినవాడికి లోపల తీగ ఉందని తెలిసిపోతుందన్నారు. అందుకని తాళంచెవి కూడా కనిపించకూడదు. అది డి.ఈ. గారి ఆఫీసులో, ఆయన సొరుగులో ఉండాలి. కావలసినవాళ్లు మూడు ప్రతుల్లో అర్జీ పెట్టుకోవాలి.

వారం తిరక్కుండా కరెంటు పోయింది. వచ్చింది గానీ లోపల మీట పడిపోయినట్టుంది, మోటార్లు తిరగలేదు. నేను అర్జీ పట్టుకుని వెళ్లాను. మూడో ప్రతి మీద సంతకం చెయ్యాల్సిన మనిషి శిక్షణకి వెళ్లాడు. ఆ శిక్షణ పేరు 'కనిపించని సేవ'. రెండు రోజులు పట్టుద్దన్నారు.

వచ్చి తొట్టి పైమూత ఎత్తి, స్టూలు మీద కూర్చుని, చొక్కా చెయ్యి మడిచి అరచేత్తో నీళ్లు కొట్టడం మొదలుపెట్టాను. బొప్పిగాడు నా చేతికిందకి వచ్చి నిలబడ్డాడు. ఆ పూటంతా అదే పని. సాయంత్రానికి అయ్యగారు, మార్తాండరావు గారు కలిసి వచ్చి కాసేపు చూశారు.

"సార్, గమనించారా. ఇందులో తీగ లేదు," అన్నారు డి.ఈ. గారు.

"పెద్దిరాజు కనిపిస్తున్నాడు కదా," అన్నారు అయ్యగారు.

"పెద్దిరాజు తీగ కాదు కదండీ."

"అందమూ కాదు కదా."

ఆ మాట నిజమే కాబట్టి డి.ఈ. గారు రాసుకున్నారు. నేను నీళ్లు కొడుతూనే ఉన్నాను. ఎలాగో తాళంచెవి ఆ రాత్రికే పంపించారు. జోజిబాబు తెరిచి చూస్తే నీటి బొట్టు ఒకటి తిన్నగా ప్లగ్గులోకి దిగి ఉంది.

"చెప్పానా బాబాయ్," అన్నాడు. అంతే, తుడిచి మళ్లీ పెట్టాడు. ఈసారి దిగకుండా గుడ్డ ఒకటి చుట్టాడు. మళ్లీ తాళం పడింది.

తర్వాతది చప్పుడు గురించి. గాలి మోటారు సన్నగా గుర్రుమంటుంది. ఆ గుర్రు వింటే లోపల మోటారుందని, మోటారుంటే తీగ ఉందని చెవులున్న ఎవడికైనా తెలుస్తుందని, "తీగ యొక్క ఉనికిని తెలియజేయు శబ్దము సైతము దృశ్యముగానే పరిగణించవలెన"ని అనుబంధ ఉత్తర్వు తెచ్చారు. గాలి మోటారుని కారు షెడ్డులోకి మార్చారు. అక్కణ్ణించి హాలు దాకా నేలకింద సన్నటి గొట్టం వేశారు. గాలి షెడ్డులో బయల్దేరేది. హాలుకి చేరినట్టు నాకైతే ఎక్కడా కనిపించలేదు.

మర్నాటి నించే పొద్దున నేను వెళ్లేసరికి బొప్పిగాడు పైన ఉండేవాడు. నోరు నీటి అంచుకి ఆనించి గుటకలు వేస్తున్నాడు. చెరువులో చేపలు ఇలా తేలితే ఊళ్లో ఎవరూ కూర్చోరు, పడవ మీద తిరుగుతూ కర్రలతో నీళ్లు కొడతారు. ఇక్కడ నేను వెళ్లి మార్తాండరావు గారికి చెప్పాను.

"చేప గాలికి పైకి వస్తోందండి."

"పైకి వస్తే ఇంకా బాగా కనిపిస్తుంది కదా. చేప కనిపించడం మీద నిషేధం లేదు."

"చచ్చిపోద్దండి."

ఆయన కాసేపు ఆలోచించారు. చెడ్డ మనిషి కాదు. "లిఖితపూర్వకంగా ఇవ్వు. గుటకలు నిమిషానికెన్నో రాయి. నమూనా పత్రం లేదు, తయారు చేయిస్తాను," అన్నారు.

నమూనా పత్రం రావడానికి ముందే లైట్ల సంగతి వచ్చింది. ఆఫీసులో ఎవరికో ఒక సందేహం కలిగింది. తొట్టిలో లైటు వెలుగుతోంది. వెలుగు కనిపిస్తోంది. వెలుగుకి కారణం తీగ. మరి కారణం దాచి ఫలితం చూపించడం ఉత్తర్వు స్ఫూర్తికి లోబడినట్టా కాదా? దీని మీద భద్రతా విభాగం వారి అభిప్రాయం అడిగారు. వాళ్లు లైటు గురించి ఏమీ చెప్పలేదు. అసలు తీగ అంటే ఏమిటో చెప్పి పంపారు. అయ్యగారు హాల్లో అందరి ముందూ చదివి వినిపించమన్నారు. మార్తాండరావు గారు నిలబడి చదివారు.

"విద్యుత్తును ఒక చోటి నుండి మరియొక చోటికి మోయగల ఏ పదార్థమైనను ఈ ఉత్తర్వు నిమిత్తము తీగగా పరిగణించవలెను."

కాగితం దించి తొట్టి వైపు చూశారు. గొంతు కొంచెం తగ్గించి, "సార్, నీళ్లు విద్యుత్తును మోస్తాయి. కడ్డీ నీళ్లలోనే ఉంది," అన్నారు.

"అంటే?"

"ఈ తొట్టిలో ఉన్న మూడొందల లీటర్లూ తీగేనండి."

ఎవరూ నవ్వలేదు. జోజిబాబు మాత్రం నిచ్చెన మీదనించి అడిగాడు. "సార్, నాదో డౌటు. కరెంటు మనిషిలోంచి కూడా పోద్ది గదండి. నాకు ఎన్నిసార్లు కొట్టిందో. మరి మనిషి?"

అయ్యగారు గడ్డం నిమురుకున్నారు. "ఆ అంశాన్ని ప్రత్యేకంగా పరిశీలిద్దాం. ముందు నీళ్లు," అన్నారు.

నీళ్లు కనిపించకుండా ఉండాలంటే ముందు గాజు మూసెయ్యాలి. బీరువాకి ముందు కూడా టేకు తలుపులు పెట్టించారు. పైమూత కూడా బిగించేశారు. మేత వెయ్యడానికి బొటనవేలు పట్టేంత కన్నం ఒకటి వదిలారు. తలుపులు మూసే ముందు ఆఫీసు ఫోటోగ్రాఫరు వచ్చి తొట్టిని ఫోటో తీశాడు. ఆ ఫోటోని తొట్టి ఎంతో అంత సైజులో వేయించి తలుపుల మీద అతికించారు. చాలా బాగా వచ్చింది. బొప్పిగాడు నేరుగా ఫోటోగ్రాఫరు వైపే చూస్తున్నాడు. వచ్చిన చుట్టాలు చూసి, "ఎంత శుభ్రంగా ఉంచుతున్నారండీ," అని మెచ్చుకునేవారు.

అమ్మగారు కాఫీ గ్లాసుతో రెండు రోజులు ఫోటో ముందు కూర్చున్నారు. మూడో రోజు నించి వంటింట్లోనే తాగుతున్నారు.

నేను రోజూ కన్నంలో చెవి పెట్టి వినేవాణ్ణి. చైత్రం వచ్చేసింది. బీరువా లోపల మోటార్ల వేడి, నీళ్లలో కడ్డీ వేడి, గాలి రాదు, పగటి వెలుగు రాదు. వేసిన మేత నీళ్ల మీదే ఉండి ముక్కిపోయి కన్నంలోంచి వాసన వస్తోంది. గుటకల చప్పుడు మాత్రం వినిపించేది. ఒకరోజు అది కూడా ఆగి ఆగి వినిపించింది.

నా కాగితంలో రెండో వాక్యం కూడా ఒకటుంది. "సదరు జలచరమును అనుమతి లేక స్థానభ్రంశము గావించినచో తక్షణమే తొలగించబడుదురు." లోపలుంచితే అది పోతుంది, దానితో నేను పోతాను. బయటికి తీస్తే నేనొక్కణ్ణే పోతాను. ఎటు చూసినా నేను పోవడం ఖాయమైంది. మిగిలింది బొప్పిగాడి సంగతే.

ఆ మధ్యాహ్నం అయ్యగారు మీటింగులో ఉన్నారు, అమ్మగారు గుడికి వెళ్లారు. జోజిబాబు వరండాలో ఫ్యాను విప్పుతున్నాడు. ఫ్యానుకి పైనించి కిందికి తీగ వస్తుంది కాబట్టి ఫ్యాన్లన్నీ తీసేస్తున్నారు.

"జోజీ, బీరువా తాళం తీయాలంటే మూడు ప్రతులు," అన్నాను.

"తాళం ముందువైపుకే బాబాయ్," అన్నాడు వాడు నిచ్చెన దిగుతూ. "వెనక చెక్కకి నాలుగు మరలే. నేనే బిగించా."

నాలుగు మరలూ విప్పి చెక్క పక్కన పెట్టాడు. వేడి మొహాన కొట్టింది. బొప్పిగాడు ఓ మూల పక్కకి వాలి ఉన్నాడు. కుంకుమ రంగు పోయి పాత ఇటుకలా అయ్యాడు. పైమూతకీ తొట్టి అంచుకీ మధ్య సందులోంచి రెండు చేతులూ దించి, ఎత్తి బకెట్లో వేశాను. జోజిబాబు బకెట్టు పట్టుకుని నడిచాడు, నేను పక్కన వంగి నడుస్తూ నీళ్లు కొట్టాను.

పెరట్లో బట్టలుతికే చోట పెద్ద సిమెంటు గాబు ఉంది. జామచెట్టు నీడ మధ్యాహ్నం దాకా దాని మీదే ఉంటుంది. పైన కుళాయి ఒకటి ఎప్పట్నించో కారుతోంది. నిమిషానికి నలభై చుక్కలు. ఒక్కో చుక్కా జానెడు ఎత్తునించి పడి బుడగ లేపుతుంది. బొప్పిగాణ్ణి అందులో వదిలి చేత్తో చాలాసేపు కొట్టాను. కాసేపటికి మొప్పలు తెరిచాడు. తర్వాత కుళాయి కిందికి వెళ్లి చుక్క పడే చోట నిలబడ్డాడు.

"ఈ కుళాయి బాగుచెయ్యమని పోయిన నెల కంప్లయింటు ఇచ్చారు బాబాయ్, నాకే," అన్నాడు జోజిబాబు.

"చెయ్యకు."

"నేనేం చూళ్లేదు," అని వెళ్లి నాలుగు మరలూ బిగించాడు. గాలి మోటారుది షెడ్డుకి పోగా లోపల మిగిలిన ఐదు తీగలకీ పని అలాగే నడుస్తోంది.

గాబు మీద పాత వల ముక్క కప్పాను. రోజూ హాల్లో ఉన్న రిజిస్టరులో 'జలచరం క్షేమం' అని రాసేవాణ్ణి. అందులో అబద్ధం లేదు. డి.ఈ. గారు వారానికోసారి వచ్చి కింద సంతకం పెట్టేవారు.

పది రోజులకి అమ్మగారు పెరటి గుమ్మంలో నిలబడి పిలిచారు.

"పెద్దిరాజూ, చేపకి మేత పెట్టావా?"

"పెట్టానమ్మా."

"బీరువా అటుంది. నువ్వు మేత డబ్బా పట్టుకుని ఇటు వచ్చావేం?"

నేను డబ్బా వెనక్కి దాచాను. ఆవిడ మెట్లు దిగి వచ్చి వల ముక్క పైకెత్తారు. బొప్పిగాడు ఎర్రగా మెరుస్తూ పైకి వచ్చాడు. ఆవిడ వల ముక్క నేల మీద వదిలేశారు. తర్వాత బట్టలుతికే రాయి మీద కూర్చున్నారు, పట్టుచీరతోనే.

"దీని మొహం చూసి ఇరవై రోజులైంది. ఫోటోలో ఇది ఎప్పుడూ ఒకవైపే చూస్తుంది."

"అయ్యగారితో..." అన్నాను.

"అడిగితే చెప్తాను. ఆయన అడగరు. ఆయనకి కావలసినవన్నీ రిజిస్టరులో ఉన్నాయి కదా." నీళ్లలో వేలు పెట్టి తిప్పారు. వాడు వెంట తిరిగాడు. "రేపట్నించి నా కాఫీ ఇక్కడికి తీసుకురమ్మను. గట్టిగా ఎవరితోనూ అనకు."

నేను ఎవరితో అంటాను.

వైశాఖంలో ఏ సంస్థ తీగలు బాగా దాచిందో చూసి మార్కులు వెయ్యడానికి తనిఖీ బృందం వచ్చింది. స్పెషల్ ఆఫీసరు ఇందుమతి గారు, వెనక నలుగురు, ఒక టార్చిలైటు, పళ్ల డాక్టర్ల దగ్గరుండేలాంటి పొడుగు పిడి అద్దం ఒకటి. అప్పటికి బంగళాలో ఫ్యాన్లు లేవు. టీవీ గోడలోకి పోయింది, దాని ముందు సీనరీ బొమ్మ ఉంది. ఫోను ఛార్జింగు పెట్టుకోవడానికి అయ్యగారు కారులో కూర్చునేవారు. అందరికీ తాటాకు విసనకర్రలు ఇచ్చారు. హాల్లో పదిమంది పెద్దలు విసురుకుంటూ నిలబడ్డారు. చొక్కాలు ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి.

ఇందుమతి గారు సోఫాల కింద అద్దం పెట్టి చూశారు. గోడల వెంట టార్చి కొట్టారు. ఒక మనిషి నేల మీద పడుకుని చూశాడు. తీగ అనేది లేదు.

"అద్భుతం," అన్నారావిడ. "ఇదేనా ఆ తొట్టి?" ఫోటో ముందు నిలబడ్డారు. "తలుపు తీయండి."

అయ్యగారు డి.ఈ. గారి వైపు చూశారు. తలుపు తీస్తే లోపల ఐదు తీగలూ ఉంటాయి, చేప ఉండదు.

మార్తాండరావు గారు విసనకర్ర చంకలో పెట్టుకుని ఒకడుగు ముందుకి వేశారు. "మేడమ్, మనవి. తలుపు తీసినచో తీగలు కనిపిస్తాయి. కనిపించడం ఉల్లంఘన. సదరు ఉల్లంఘన తనిఖీ బృందం సమక్షంలో, తనిఖీ బృందం ఆదేశం మేరకు జరిగినట్లు నమోదవుతుంది."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"మరి చేప ఉన్నట్టు ఎలా తెలుస్తుంది?"

రిజిస్టరు ముందుకి జరిపారు. ఆవిడ పేజీలు తిప్పారు. జలచరం క్షేమం, జలచరం క్షేమం. అన్ని పేజీలూ ఒకే చేతిరాత. "ఈ రాసేది ఎవరు?"

అందరూ పక్కకి జరిగితే నేను కనిపించాను.

"చేప బాగుందా?"

"క్షేమమండి."

"నువ్వు కళ్లారా చూశావా?"

"పొద్దున్నే చూశానండి."

"తలుపు మూసి ఉంది కదా. ఇక్కణ్ణించి కనిపించదు."

"ఇక్కణ్ణించి కనిపించదండి."

ఆవిడ కళ్లు చిన్నవి చేసి చూశారు. "మరి ఎక్కణ్ణించి కనిపిస్తుంది?"

విసనకర్రలు ఆగిపోయాయి. వంటింటి గుమ్మంలో అమ్మగారు నిలబడి ఉన్నారు. నేను పుట్టి బుద్ధెరిగి అబద్ధం ఆడింది తక్కువ. అప్పుడు ఆడటానికి కూడా ఒకటి దొరకలేదు. నోరు తెరిచాను.

"మేడమ్," అన్నారు మార్తాండరావు గారు. "ఆ ప్రశ్న ఉపసంహరించుకోవలసిందిగా కోరుతున్నాను. చేప ఎక్కణ్ణించైనా కనిపిస్తున్నదంటే నీళ్లు కనిపిస్తున్నట్టే. భద్రతా విభాగం నిర్వచనం ప్రకారం నీళ్లు తీగ. జవాబు ఏది వచ్చినా సంస్థకి మార్కులు పోతాయి. ప్రశ్న అడిగిన తర్వాత జవాబు రాబట్టకపోతే బృందానికి పోతాయి."

ఇందుమతి గారు ఆలోచించారు. తెలివైన మనిషి. "ప్రశ్న అడగలేదు," అని పక్కనున్నాయనకి చెప్పారు. ఆయన రాసుకున్నది కొట్టేశాడు.

విసనకర్రలు మళ్లీ ఊగాయి. ఆవిడ వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి నన్ను కిందనించి పైదాకా చూశారు.

"ఒక్క విషయం. విద్యుత్తును మోయగల ఏ పదార్థమైనా అన్నారు. ఈ మనిషి?"

జోజిబాబు నా పక్కనే ఉన్నాడు. మెల్లిగా నిచ్చెన వెనక్కి జరిగాడు.

"ఆ అంశం పరిశీలనలో ఉంది మేడమ్," అన్నారు అయ్యగారు.

"త్వరగా తేల్చండి," అన్నారావిడ.

మా సంస్థకి రాష్ట్రంలో మొదటి బహుమతి వచ్చింది. షీల్డు ఎక్కడ పెట్టాలో తెలియక, దాని మీద తీగలాంటి డిజైను ఉంది కాబట్టి, దాన్ని కూడా ఒక బీరువాలో పెట్టారు.

వారానికి నా పేరున కాగితం వచ్చింది. జోజిబాబు చేతికిస్తే చదివాడు. "సిబ్బంది శరీరము విద్యుద్వాహకమని నిర్ధారణ అయినందున, ఇకపై బంగళాలో సిబ్బంది ఎవ్వరును కనిపించరాదు. గెజిటెడ్ అధికారులు మినహా."

"వాళ్లకి షాకు కొట్టదా?" అన్నాను.

"మినహాయింపు ఇచ్చారుగా, కొట్టదు. ఇంకా ఉంది విను. ముంగర పెద్దిరాజు అను వాహకము, జలచరము జీవించియున్నంత వరకు, హాలు నుండి గాని, గేటు నుండి గాని, మెట్ల నుండి గాని కనిపించని స్థలమున విధులు నిర్వర్తించవలెను." వాడు కాగితం దించాడు. "బాబాయ్, ఆ మూడింటి నించీ కనిపించని చోటు ఈ ఇంట్లో ఒక్కటే ఉంది."

పెరట్లో జామచెట్టు వెనక, గాబు దగ్గర.

ఇప్పుడు నా డ్యూటీ అక్కడే. పొద్దున అమ్మగారు కాఫీ తాగి వెళతారు. ఆవిడకి కూడా మినహాయింపు కాగితం తెప్పించారు. తర్వాత నేనూ బొప్పిగాడూ ఉంటాం.

మొన్న శుక్రవారం మార్తాండరావు గారు రిజిస్టరు పట్టుకుని తిన్నగా పెరట్లోకి వచ్చారు. హాల్లో నేను కనిపించకూడదు కాబట్టి రిజిస్టరులో నాచేత రాయించడానికి ఆయనే రావాలి. చెట్టు పక్కకి వచ్చి నన్ను చూశారు. గాబు చూశారు. బొప్పిగాడు అప్పుడే పైకి వచ్చి ఆయన కళ్లలోకి చూశాడు.

"ఇక్కడ ఎవరూ లేరు," అన్నారాయన నెమ్మదిగా, జామచెట్టుతో చెప్పినట్టు. రిజిస్టరు ఉతికే రాయి మీద పెట్టి అటు తిరిగి నిలబడ్డారు. నేను 'జలచరం క్షేమం' అని రాశాను. ఆయన ఇటు తిరిగి కింద సంతకం పెట్టి, వెళ్లబోతూ కుళాయి వైపు చూశారు. ఒక చుక్క పడింది. ఇంకోటి పడింది.

"కుళాయి కారుతోంది," అన్నారు. "మనిషెవరైనా ఉంటే బాగుచేయించమని చెప్పేవాణ్ణి."